దాచిన సాక్ష్యం: డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ జీవితం

మన గోడపత్రికలో ఇప్పటిదాకా వచ్చిన జీవితాలు ఎక్కువగా కవులవి, సంఘసంస్కర్తలవి. ఈసారి నా వంతు వచ్చింది. ఎవరి గురించి రాస్తావని మేడం అడిగితే ఒక డాక్టరు పేరు చెప్పినాను. ఆయన తెలుగువారు కాదు, కన్నడిగులూ కాదు. బెంగాలీ. పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. మన దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టడానికి కారణమైన మనిషి. ఆయనే ఎందుకని మేడం అడిగినప్పుడు సగం కారణమే చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఏడాది నాకు మూడు నెలలు వరసగా నెలసరి రాలేదు. అమ్మ స్కానింగ్‌కి తీసుకుపోయింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి పీసీఓడీ అని రాసి, రోజూ నడవమని, బరువు తగ్గమని చెప్పి పంపించారు. ఆటోలో ఇంటికి వచ్చేలోపల అమ్మ నాకు చెప్పింది ఒక్కటే. ఎవరికీ చెప్పొద్దు, అవ్వకి కూడా చెప్పొద్దు, పెళ్ళి కావాల్సిన పిల్లవి అని. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడ మాట్లాడతాం. ఆ రోజు నుంచి ఈ సంగతి రెండు భాషల్లోనూ ఎవరూ ఎత్తలేదు.

ఎవరినీ అడగడానికి లేదు కాబట్టి చదవడం మొదలుపెట్టినాను. మొదట నాకు అర్థమైంది ఇది. ఆడవాళ్ళ అండాశయాల్లో ప్రతి నెలా కొన్ని చిన్న సంచులు పెరగడం మొదలుపెడతాయి. ఒక్కొక్క దాంట్లో ఒక అండం ఉంటుంది. మామూలుగా వాటిలో ఒకటి ముందుకు పోయి పూర్తిగా ఎదిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. పీసీఓడీ ఉన్నవాళ్ళలో చాలా సంచులు సగం పెరిగి ఆగిపోతాయి. స్కానింగ్‌లో నల్లగా పూసల్లాగ కనిపించేవి అవే. అండం సరిగ్గా విడుదల కాదు కాబట్టి నెలసరి తప్పుతుంది, కొందరికి పిల్లలు పుట్టడం ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతుందంటే పుట్టరని కాదు. అండం ఎదగడానికి మాత్రలు ఉన్నాయి. అవి పని చెయ్యకపోతే హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. దాని తర్వాత కూడా దారులు ఉన్నాయి. ఆ దారులు ఎవరు వేశారని వెతుకుతూ పోతే కలకత్తాకి పోయి చేరినాను.

సుభాష్ ముఖోపాధ్యాయ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టారు. అప్పుడది బీహార్, ఇప్పుడు జార్ఖండ్. చదువంతా కలకత్తాలోనే. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజియాలజీ చదివి, కలకత్తా నేషనల్ మెడికల్ కాలేజీ నుంచి 1955లో డాక్టరై బయటికి వచ్చారు. అక్కడితో ఆగి ఒక క్లినిక్ తెరుచుకుని ఉంటే హాయిగా బతికేవారు. ఆయన అట్లా చెయ్యలేదు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సంతానోత్పత్తి శరీరశాస్త్రంలో పీహెచ్‌డీ తీసుకున్నారు. అదీ చాలదని ఎడిన్‌బరోకి పోయి, జాన్ లొరేన్ అనే ప్రొఫెసర్ దగ్గర హార్మోన్ల మీద పనిచేసి 1967లో రెండో పీహెచ్‌డీ సంపాదించారు. ఒంట్లో చాలా కొంచెంగా ఉండే హార్మోన్లని కొలవడంలో లొరేన్ పెద్ద పేరున్నాయన. అండాన్ని ఏ హార్మోన్ ఎప్పుడు పెంచుతుంది, ఎంత ఇస్తే ఏమవుతుంది అనే లెక్క సుభాష్ గారికి అక్కడ బాగా పట్టుబడింది. తర్వాత ఆయన చేసినదానికంతా పునాది అదే.

ఆయన భార్య నమిత స్కూలు టీచరు. 1967లో ఆయన కలకత్తాకి తిరిగివచ్చి ఎన్.ఆర్.ఎస్. మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. తర్వాత కలకత్తాకి దూరంగా ఉన్న బాంకురా మెడికల్ కాలేజీలో కూడా పనిచేశారు. ప్రభుత్వ ఉద్యోగం, పిల్లలకి పాఠాలు, మిగిలిన టైములో పరిశోధన. పెద్ద సంస్థ ఏదీ వెనక లేదు. ఉన్నది ఇద్దరు స్నేహితులు. ఒకరు సునీత్ ముఖర్జీ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతిక శాస్త్రం ప్రొఫెసర్. జీవకణాలని చెడిపోకుండా గడ్డకట్టించి దాచడం ఆయనకి తెలిసిన విద్య. ఇంకొకరు స్త్రీవైద్య నిపుణులు సరోజ్ కాంతి భట్టాచార్య. ఈ ముగ్గురూ కలిసి చేసిన పనే ఈ కథకి నడుము.

వాళ్ళ దగ్గరికి వచ్చిన దంపతులు అగర్వాల్ అనే మార్వాడీ కుటుంబం వాళ్ళు. ఆమెకి అండాశయాలు బాగానే ఉన్నాయి. అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబులు పాడైపోయినాయి. అప్పటి వైద్యం ప్రకారం ఇంక ఆశ లేనట్టే. అండాన్ని బయటికి తీసి, గాజుపాత్రలో పురుషుడి బీజకణాలతో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భసంచిలో పెట్టగలిగితే ట్యూబుల అవసరమే లేదు. ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, వాళ్ళతోపాటు జీన్ పర్డీ ఏళ్ళ తరబడి ఇదే ప్రయత్నంలో ఉన్నారు. కానీ కలకత్తా వాళ్ళు పోయిన దారి వేరు. ఆ తేడా తెలిస్తేనే ఆయన గొప్పతనం తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సైన్సు వద్దనుకుని ఆర్ట్స్‌లో చేరిన మనకి కూడా ఇది అర్థమయ్యేదే.

మొదటి తేడా అండాల సంఖ్య. ఇంగ్లండు వాళ్ళు హార్మోన్లు ఇచ్చి చాలాసార్లు ఓడిపోయి, చివరికి హార్మోన్లు మానేసి, సహజంగా నెలకి ఒకటి ఎదిగే అండాన్నే తీసుకున్నారు. ఆ ఒక్కటి పోతే అంతే, మళ్ళీ వచ్చే నెలే. సుభాష్ గారు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు ఎదిగేటట్టు చేశారు. ఆ మందు పేరు హెచ్.ఎం.జి. నెలసరి ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళ మూత్రం నుంచి దాన్ని తీసేవారు. ఆ వయసులో అండాశయాలు పని ఆపేస్తాయి. వాటిని లేపడానికి మెదడు దగ్గరి గ్రంథి ఆ హార్మోన్లని ఇంకా ఇంకా వదులుతూ ఉంటుంది, అవి మూత్రంలో కలుస్తాయి. ఇటలీలో సన్యాసినుల మఠాల నుంచి కూడా ఆ మూత్రం సేకరించారని చదివి నేను ఆశ్చర్యపోయినాను. పిల్లలే వద్దనుకున్న ఆడవాళ్ళ వల్ల ఎందరి ఇళ్ళలోనో పిల్లలు పుట్టారన్నమాట. ఈ దంపతుల విషయంలో అయిదు అండాలు దొరికాయి.

రెండో తేడా అండాలు తీసిన దారి. ఇంగ్లండులో పొట్ట మీద రంధ్రం చేసి దుర్భిణిలాంటి పరికరంతో తీశారు. కలకత్తాలో యోనిమార్గం వెనక వైపు చిన్న కోత పెట్టి తీశారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో స్కానింగ్ చూసుకుంటూ సూదితో తీసేది కూడా ఆ మార్గం నుంచే.

మూడో తేడా అన్నిటికంటే పెద్దది. ఇంజెక్షన్లు ఇచ్చిన నెలలో ఒంట్లో హార్మోన్లు తారుమారై ఉంటాయి, గర్భసంచి పిండాన్ని నిలబెట్టుకోవడానికి సిద్ధంగా ఉండదని సుభాష్ గారు అనుకున్నారు. అందుకని పిండాలని వెంటనే లోపల పెట్టలేదు. గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్‌లో 53 రోజులు దాచారు. తర్వాత, ఇంజెక్షన్లు లేని మామూలు నెలలో, కరిగించి గర్భసంచిలో పెట్టారు. అది నిలిచింది.

ఇంగ్లండులో ఓల్డమ్ అనే ఊళ్ళో 1978 జులై 25న లూయీస్ బ్రౌన్ పుట్టింది. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ. సరిగ్గా 70 రోజులకి, 1978 అక్టోబర్ 3న, కలకత్తాలో అగర్వాల్ గారి పాప పుట్టింది. మనకి దసరా నవరాత్రులు మొదలైన రోజు, అక్కడ దుర్గాపూజ రోజులు. అందుకని ఆ పాపని దుర్గ అన్నారు. అసలు పేరు కనుప్రియ.

ఇక్కడిదాకా చదివితే సంతోషంగా ముగిసే కథలాగ ఉంటుంది. కానీ వార్త పేపర్లకెక్కగానే అనుమానాలు మొదలైనాయి. ఆయన ప్రభుత్వ ఉద్యోగి, చేసిన పని గురించి అక్టోబర్‌లోనే ఆరోగ్య శాఖకి రిపోర్టు ఇచ్చారు. నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణకి ఒక కమిటీ వేసింది. దానికి పెద్దగా కూర్చున్నది రేడియో ఫిజిక్స్ ప్రొఫెసరు. గాజుపాత్రలో పిండాన్ని పెంచిన అనుభవం ఆ కమిటీలో ఎవరికీ లేదు. అప్పుడు దేశంలో అట్లాంటివాళ్ళు ఉన్నదే చాలా తక్కువ అనుకోండి. వాళ్ళ ముందు ఆయన నిలబడి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆయన చెప్పేది నమ్మదగ్గది కాదని కమిటీ తేల్చేసింది.

నేను రెండు వైపులా ఆలోచించి చూసినాను. సైన్సులో అనుమానించడం తప్పు కాదు. అంత పెద్ద సంగతి చెప్పినప్పుడు రుజువు అడగాల్సిందే. ఆయన ముందుగా పెద్ద జర్నల్‌లో వివరంగా ఏమీ రాయలేదు. పిండాలని గడ్డకట్టించడం గురించి 1978లో ముగ్గురూ కలిసి ఒక భారతీయ జర్నల్‌లో వేసిన చిన్న నివేదిక ఉంది. కాబట్టి అడగడం న్యాయమే. కానీ రుజువు చూపించడానికి ఆయనకి దారి ఇచ్చారా? 1979 జనవరిలో జపాన్‌లోని క్యోటోకి వచ్చి తన పని గురించి చెప్పమని ఆయనకి ఆహ్వానం వచ్చింది. పోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. రుజువు లేదన్నదీ వాళ్ళే, రుజువు చెప్పుకునే చోటికి పోనివ్వనిదీ వాళ్ళే.

ఇంకో సాక్ష్యం ఉండింది. అందరికంటే పెద్ద సాక్ష్యం. ఊయలలో పడుకున్న పాప. కానీ ఆ పాపని లోకం ముందుకి తేవడానికి తల్లిదండ్రులకి ధైర్యం చాలలేదు. పిల్లలు పుట్టలేదన్న మాట, గాజుపాత్రలో పిండం అన్న మాట బయటపడితే తమ కులంలో, చుట్టాల్లో ఏమనుకుంటారో, రేపు ఆ పిల్ల బతుకు ఏమవుతుందో అని భయపడ్డారు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. ఒక మనిషి వాళ్ళకి బిడ్డనిచ్చాడు, ఆయన్ని అందరూ అబద్ధాలకోరు అంటుంటే వీళ్ళు తలుపులు వేసుకున్నారే అని. తర్వాత ఆటోలో అమ్మ ముఖం గుర్తొచ్చింది. నా స్కానింగ్ రిపోర్టు ఇప్పుడు కూడా బీరువాలో పట్టుచీరల కిందే ఉంది. 1978లో అగర్వాల్ గారు చేసిందీ, మా అమ్మ చేసిందీ వేరు వేరు కాదు. ఆయన్ని కమిటీ ఒక్కటే ఓడించలేదు. ఇట్లా బీరువాల్లో దాచుకునే సిగ్గు కూడా ఓడించింది.

తర్వాత ఆయన జీవితం చాలా తక్కువ. గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో ఆయన్ని కంటి వైద్య సంస్థకి బదిలీ చేశారు. అండాశయాల హార్మోన్ల మీద రెండు పీహెచ్‌డీలు చేసిన మనిషికి కంటి విభాగంలో ఏం పని? అక్కడ తన పరిశోధన ముందుకి పోయే దారి లేదు. ఆ బదిలీ అయిన కొన్ని రోజులకే, 1981 జూన్ 19న, ఆయన ఇంట్లో ప్రాణం తీసుకున్నారు. ఆయనకి 50 ఏళ్ళు. స్కూలు నుంచి ఇంటికి వచ్చిన నమిత గారు చూడాల్సి వచ్చింది. ఇంతకంటే దీని గురించి నేను రాయలేను. ఆయన బతికి ఉండి ఉంటే అన్న మాట మాత్రం వదలకుండా మనసులో తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే తర్వాత అన్నీ ఆయన చెప్పినట్టే జరిగినాయి.

గడ్డకట్టించిన పిండంతో గర్భం నిలిచిందని 1983లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రకటించారు. ప్రపంచం దాన్నే మొదటిదిగా రాసుకుంది. అప్పటికి కలకత్తా పాపకి అయిదేళ్ళు. మన దేశంలో 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో హర్ష అనే పాప పుట్టింది. డాక్టర్ ఇందిరా హిందూజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ కలిసి చేసిన పని అది. దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని పేపర్లన్నీ రాశాయి. సుభాష్ గారి పేరు ఎక్కడా లేదు. 1990లో తపన్ సిన్హా తీసిన ఏక్ డాక్టర్ కీ మౌత్ అనే హిందీ సినిమాకి మాత్రం ఆయన జీవితమే ప్రేరణ. దాంట్లో డాక్టరు కనిపెట్టేది కుష్ఠువ్యాధికి టీకా. కానీ ఆ డాక్టరు పడే అవమానం ఎవరిదో తెలిసినవాళ్ళకి తెలుసు.

ఇక్కడ కథలోకి మన బెంగళూరు వస్తుంది. 1997లో ఆనంద్ కుమార్ గారు కలకత్తాకి పోయినప్పుడు సుభాష్ గారి కాగితాలు, చేతిరాత నోట్సులు ఆయన చేతికి వచ్చాయి. ఆయన వాటిని పక్కన పెట్టెయ్యొచ్చు. దేశంలో మొదటివాడన్న పేరు అప్పటికి పదకొండేళ్ళుగా ఆయనదే. ఎవరూ అడగలేదు కూడా. కానీ ఆయన కూర్చుని ఒక్కొక్క కాగితం చదివారు. ఏ రోజు ఎంత మందు, ఎన్ని అండాలు, ఎన్ని రోజులు గడ్డకట్టించారు, అంతా చూశారు. ఈ మనిషి అబద్ధం చెప్పలేదని ఆయనకి నమ్మకం కుదిరింది. మన బెంగళూరు నుంచే వచ్చే కరెంట్ సైన్స్ పత్రికలో, 1997లోనే, భారతదేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీని సాధించింది సుభాష్ ముఖోపాధ్యాయ అని తన పేరుతో వ్యాసం వేశారు. అంటే తన తల మీది కిరీటాన్ని తీసి, చనిపోయి పదహారేళ్ళయిన మనిషి తల మీద పెట్టారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి కూడా ఆయన పనిని గుర్తించింది.

2003లో, 25 ఏళ్ళు నిండినప్పుడు, కనుప్రియ అగర్వాల్ తనే బయటికి వచ్చింది. 1978లో కలకత్తాలో పుట్టిన ఆ పాపని నేనే అని అందరి ముందూ చెప్పింది. దాచిన సాక్ష్యం తన నోటితో తను మాట్లాడింది. సుభాష్ గారు పోయి అప్పటికి 22 ఏళ్ళు. ఆయన వినలేదు. కానీ ఆయన పేరు నిలబడింది.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. పీసీఓడీ ఉన్నవాళ్ళకి టెస్ట్‌ట్యూబ్ పద్ధతి అవసరమైతే, హార్మోన్ ఇంజెక్షన్లకి వాళ్ళ అండాశయాలు మరీ ఎక్కువగా స్పందించే ప్రమాదం ఉంటుంది. పొట్ట ఉబ్బి, నీరు చేరి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అట్లా జరగకుండా డాక్టర్లు ఇప్పుడు చాలాసార్లు చేసేది ఏంటో తెలుసా? ఇంజెక్షన్లు ఇచ్చిన నెలలో పిండాన్ని లోపల పెట్టరు. గడ్డకట్టించి దాచి, ఒళ్ళు కుదుటపడిన ఇంకో నెలలో పెడతారు. కమిటీ నమ్మని డాక్టరు 1978లో చేసిన పనే అది. ఆ రోజు ఆటోలో ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు. అసలు నాకు ఆ అవసరమే రాకపోవచ్చు. పీసీఓడీ ఉన్న చాలామందికి మామూలుగానే, లేకపోతే మాత్రలతోనే పిల్లలు పుడతారు. మన క్లాసులో కూడా నాలాంటివాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు కూడా ఎక్కడో ఒక బీరువాలో రిపోర్టు దాచి ఉంటారు. వాళ్ళకోసమే ఈయన జీవితం ఎంచుకున్నాను. మేడంకి ఆ రోజు చెప్పని సగం ఇదే.

గోడకి అంటించే ముందు ఈ కాగితాలు అమ్మకి ఇచ్చినాను. అమ్మ చదివిన కన్నడ మీడియంలో తెలుగు లేదు, తర్వాత సొంతంగా నేర్చుకుంది, కాబట్టి నిదానంగా చదువుతుంది. వంటింట్లో కుక్కరు ఆపేసి వచ్చి, కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. బీరువా మాట వచ్చిన చోట కొంచెంసేపు ఆగింది. నేను పేజీ తీసెయ్యమంటుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి దుర్గ ఇప్పుడు బాగుందా అని మాత్రం అడిగింది. బాగుందని చెప్పినాను. తర్వాత లేచి కుక్కరు మళ్ళీ వెలిగించి, సాయంత్రం అవ్వకి ఇది చదివి వినిపించమంది.